నడిబంతిలో కూర్చున్న రాయబారి

రండర్రా, దగ్గరికి జరగండి. చాపమీద ఇంకా చోటుంది. గుమ్మంలో నిలబడ్డ పెద్దలూ కూర్చోండి. ఈ కథ మీకే ఎక్కువ పనికొస్తుంది.

విమలానందులవారి దగ్గర చదువుకున్న సోమదత్తుడు మధ్యసీమ తరఫున రాయబారి అయ్యాడు. మధ్యసీమ పెద్ద రాజ్యమూ కాదు, మరీ చిన్నదీ కాదు. అటొక మహారాజు, ఇటొక మహారాజు. ఏళ్ళ తరబడి కొట్టుకున్న ఆ ఇద్దరూ చివరికి సంధికి వచ్చారు. యుద్ధం ఆగుతుంది గానీ, ఇద్దరి సైన్యాలూ నది మధ్యనున్న చిన్నలంకలో విడిది చేస్తాయట. లంకవాళ్ళు మొరపెట్టుకున్నారు. నిండుసభలో మహారాజులిద్దరూ మధ్యవర్తిగా కూర్చున్న సోమదత్తుడివైపు చూశారు. "సమ్మతమే" అన్నాడతను. ఇక ఎల్లుండి ఒప్పందం మీద అతని ముద్ర పడటమే మిగిలింది. ఆ ముద్ర వేయించుకుపోవటానికి మహారాజుల మంత్రులిద్దరూ అతని వెంటే మధ్యసీమకు బయల్దేరారు.

తానన్న మాట లోపల ముల్లులా గుచ్చుతుంటే, దారిలో గురువుగారి ఆశ్రమం దగ్గర ఆగాడు. ఏకాంతంగా అడిగాడు: "గురువుగారూ, కొండల్లాంటివాళ్ళిద్దరూ ఒప్పుకున్నాక మధ్యలో నావంటివాడి మాట ఏం చేస్తుంది?"

"ముందు భోజనానికి లే నాయనా" అన్నారు గురువుగారు.

ఆ ఆశ్రమంలో వచ్చినవాళ్ళందరికీ ఒకటే బంతి. నడుమ కూర్చున్నవాడు అందరికీ అందిందా అని రెండు కొసలూ చూసి "కానివ్వండి" అనాలి. అప్పటిదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఆ పూట నడిమి పీట సోమదత్తుడికి వేయించారు. మంత్రులిద్దరూ అతనికి చెరోపక్కా కూర్చున్నారు.

అన్నం, పప్పు వచ్చాయి. నెయ్యి వేశారు.

"ఏమయ్యా రాయబారీ, నెయ్యి పేరుకుపోతోంది. అనవేం?" అన్నాడు ఒక మంత్రి.

"ముహూర్తం కుదరలేదేమో!" అన్నాడు రెండో ఆయన.

సోమదత్తుడూ నవ్వేశాడు. "కానివ్వండి, కానివ్వండి!"

మంత్రులు మారు అడిగి మరీ వేయించుకున్నారు. సోమదత్తుడు మరో ముద్ద ఎత్తుతూ యథాలాపంగా బంతి కొసకి చూశాడు. అక్కడొక అవ్వ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విస్తట్లో మెతుకు లేదు.

"అవ్వా, నీకు వడ్డించలేదా?"

"నాకేం బాబూ! ఆకు పచ్చగా ఉంది, చూస్తూ కూర్చున్నా" అంది అవ్వ. "చిన్నలంక నుంచి వస్తున్నా. సైన్యం దిగుతోందిగా, ఊరొదలక తప్పదు. పస్తులు ఇప్పట్నుంచే అలవాటైతే మంచిదేలే."

అతను వడ్డించేవాళ్ళని కేకేశాడు. గంగాళం అడుగంటింది, మిగిలిందంతా మారు వడ్డనలో మంత్రుల విస్తళ్ళకే పోయింది. తన విస్తరి ఇద్దామంటే ఎంగిలి. లేచిపోదామంటే, నడిబంతిలో ఒకడు లేస్తే అందరి భోజనమూ చెడినట్టే. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దాన్ని నోట్లో పెట్టుకోలేడు. అవ్వ చూస్తుండగా కింద పెట్టటానికీ చెయ్యి రాలేదు. సభలో లంకవాళ్ళు కూడా ఇలాగే కొసన కూర్చున్నారని, తను అటు తల తిప్పనైనా లేదని అప్పుడు గుర్తొచ్చింది.

గురువుగారు వచ్చి, అవ్వకోసం మళ్ళీ ఎసరు పెట్టమని వంటవాడికి చెప్పారు. తరవాత శిష్యుడి వెనక వంగి, అతనొక్కడికే వినపడేలా అన్నారు:

"నువ్వు కానివ్వమనేదాకా ఈ బంతిలో ఒక్కరైనా ముద్ద ముట్టారా నాయనా?"

ముద్ర వేశాడా లేదా అని నన్నడక్కండి. లేవండర్రా, పొద్దుపోతోంది. ఇళ్ళకు పోయి అన్నాలు తినండి.