గోడ మీద పేరు

ఇస్సాకు మేష్టారిని ప్రశ్న అడిగి జవాబు పట్టుకెళ్ళినవాళ్ళు లేరు. పని పట్టుకెళ్ళినవాళ్ళే అందరూ. వెనకటికి ఒకాయన వచ్చి, "మేష్టారూ, అసలీ బతుక్కి అర్థమేమిటంటారు?" అని వేదాంతం మొదలుపెడితే, మేష్టారు తుప్పుపట్టిన బోల్టొకటి ఆయన చేతిలో పెట్టి, "ముందు దీన్ని విప్పండి, మాట్లాడుకుందాం" అన్నారట. ఆ పెద్దమనిషి పొద్దుగూకేదాకా దాంతో కుస్తీపట్టి, వేదాంతం సంగతే మరిచిపోయి ఇంటికి పోయాడు. పల్నాటి వైపు ఒక పెద్ద ఊళ్ళో, హైస్కూలు వెనక రేకుల షెడ్డులో, ఇంటరు ఒకేషనల్ పిల్లలకి కాలిపోయిన మోటార్లు విప్పి మళ్ళీ తీగ చుట్టడం ఇరవై రెండేళ్ళు నేర్పిన మనిషాయన. రిటైరైనా మనసూరుకోక సోమవారమూ, శుక్రవారమూ వచ్చి షెడ్డు మూల స్టూలు మీద కూర్చునేవారు.

ఇప్పుడా షెడ్డుకి టీచరు నాగమల్లీశ్వరి. అక్కడే మేష్టారి చేతి కింద తీగ చుట్టడం నేర్చుకుని, గుంటూరులో డిప్లొమా చేసి, తిరిగి అదే షెడ్డుకి వచ్చి పడింది. మంచి పనిమంతురాలు. కాకపోతే కాలు ఒక చోట నిలవదు. ఆ సోమవారం మరీను, కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. కారణం లేకపోలేదు. శుక్రవారం పంపుసెట్ల కంపెనీవాళ్ళు వస్తున్నారు. రెండో ఏడు పిల్లలు పదకొండు మందిలో ఎవరి పేరుకెదురుగా "పని వచ్చు" అని ఆవిడ సంతకం పెడితే వాళ్ళకి శిక్షణా, ఆ వెంటనే ఉద్యోగమూ.

"మేష్టారూ," అంది ఆవిడ స్టూలు ముందు నిలబడి. "పిల్లలు పనికి తయారయ్యారని ఎలా తెలుస్తుంది? సంతకం పెట్టాక రేపక్కడ ఎవరైనా చేతకాక తిప్పలు పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? పెట్టకపోతేనా, పిల్లల పొట్ట కొట్టినదాన్నవుతాను. పరీక్షలో మార్కులు చూస్తే అందరికీ అందరే."

మేష్టారు పలికేలోపే గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి సామ్రాజ్యమ్మ అనే రైతు దిగింది. ఆవిడ రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసింది. ఆవిడ వెనకే అయిదు హార్స్ పవరు మోటారు, నీళ్ళలో నాని బురద ఎండిపోయి, మాడు వాసన కొడుతూ.

"కాయ ఊరే టైము తల్లీ. వారం లోపల తడి పెట్టకపోతే తోట నిలువునా మాడిపోద్ది. టౌనులో షాపులోళ్ళు పది రోజులు ఆగమంటన్నారు. మీ పిల్లలు బాగా చేస్తారని మా మరిది చెబితే వచ్చా," అంది సామ్రాజ్యమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ.

ఇస్సాకు మేష్టారు మల్లీశ్వరి వైపు చూసి, "నీ ప్రశ్న ఆటో ఎక్కి వచ్చిందమ్మా. దించించు," అన్నారు. అని, బస్సు టైమైందని లేచి వెళ్ళిపోయారు.

ఇక్కడ ఆ షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. కాలిన మోటారు విప్పేటప్పుడు పాత తీగ ఒక్కో కట్టలో ఎన్ని చుట్లుందో లెక్కపెట్టి, కొత్తదీ సరిగ్గా అన్నే చుట్టాలి. తక్కువ చుట్టినా మోటారు తిరుగుతుంది. తిరుగుతూనే లోలోపల వేడెక్కి, పది పదిహేను రోజుల్లో మళ్ళీ మాడి కూర్చుంటుంది. అందుకని మేష్టారు ఒక పద్ధతి పెట్టారు. తీగ కట్ట తెగ్గొట్టగానే ఒకరు తెగిన కొసలు పట్టుకుని పైకి లెక్క పలకాలి. మిగతావాళ్ళు కిక్కురుమనకూడదు. పలికినవాళ్ళే ఎర్ర వార్నీషులో బ్రష్షు ముంచి ఆ అంకె సున్నం గోడ మీద రాసి, పక్కన తమ పేరు రాయాలి. తప్పు రాస్తే చెరపడం ఉండదు. కొట్టేసి కొత్త అంకె రాయడమే. ఇన్నేళ్ళ అంకెలూ పేర్లూ ఆ గోడ నిండా ఉన్నాయి. కొట్టేసిన అంకెల పక్కన ఇస్సాకు మేష్టారి పేరు కూడా రెండు చోట్ల ఉంది. పేరు లేని మోటారు మాత్రం ఇంతవరకూ ఆ గుమ్మం దాటలేదు.

మల్లీశ్వరికి ఇదంతా కొట్టినపిండి. అయితే మోటారుని చూడగానే ఆవిడకో ఆలోచన తట్టింది. శుక్రవారం కంపెనీవాళ్ళు వచ్చేసరికి ఈ మోటారు గిర్రున తిరుగుతూ ఉంటే, మా పిల్లలు చేశారండీ అని చూపిస్తే, ఇంక మాటేముంది! ఆ ఆలోచన బుర్రకెక్కిన దగ్గర్నుంచి ఆవిడ చేతికి స్థిమితం లేదు. పిల్లల చేతికిస్తే మధ్యాహ్నమవుతుందని తనే ఉలి తీసుకుని ఠపఠపా తీగ తెగ్గొట్టింది. అంతలో హెడ్‌మాస్టరుగారు పిలుస్తున్నారని కబురు. "లాగండి, లాగెయ్యండి, ఆ చెత్తంతా గోతాంలో వెయ్యండి, నేనిప్పుడే వస్తా," అంటూ పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి మోటారు లోపల అద్దంలా ఖాళీ. తీగ కట్టలన్నీ అంతకుముందు మూడు మోటార్ల చెత్తతో కలిసి గోతాంలో పడి ఉన్నాయి.

"లెక్క ఎవరు పలికారు?" అని అడిగి, అడుగుతూనే నాలుక కరుచుకుంది. ఆవిడ లాగెయ్యమంది, వాళ్ళు లాగేశారు. గోతాం బోర్లించి వెతికితే పూట పోతుంది. గోడ వైపు చూసింది. పోయిన వేసవిలో ఇదే కంపెనీ, ఇదే హార్స్ పవరు మోటారొకటి వచ్చింది. దాని లెక్క నలభై రెండు. 'ఇదీ అంతే అయి ఉంటుందిలే' అనుకుంది. తీగ చుట్టేవాళ్ళు నోటితో అనకూడని మాటంటూ ఒకటుంటే అదే. అది ఆవిడకీ తెలుసు.

పిల్లలు మంగళవారం, బుధవారం చెమటోడ్చి నలభై రెండు లెక్కన చుట్టారు. గురువారం పొద్దున గోడ మీద రాయాల్సి వచ్చింది. మల్లీశ్వరి బ్రష్షు మస్తాన్‌బీ చేతికిచ్చింది. కుదురైన చెయ్యి, ముత్యాల్లాంటి అక్షరాలు ఆ పిల్లవి. కంపెనీవాళ్ళు చూస్తే ముచ్చటపడాలి మరి. మస్తాన్‌బీ నలభై రెండు అని రాసి ఆగిపోయింది.

"పేరు రాయవేం?"

"లెక్క నేను పలకలేదు కదా మేడం," అంది ఆ పిల్ల మెల్లగా.

మాట మెత్తనిదే కానీ, తగలాల్సిన చోట తగిలింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మల్లీశ్వరికి ఎక్కడలేని కోపమూ వచ్చింది. "చేసిన పని మీద నీకే నమ్మకం లేకపోతే రేపు కంపెనీలో ఎవరికుంటుంది? పో, పోయి పని చూసుకో," అని కసిరింది. ఇంకొకరి చేత పేరు రాయిద్దామనుకుంది కానీ, ఎవరినీ పిలవకుండానే బ్రష్షు డబ్బాలో పెట్టేసింది. అంకె పక్కన జాగా ఖాళీగానే ఉండిపోయింది.

మధ్యాహ్నం మోటారు ఆన్ చేశారు. గిర్రున తిరిగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. కరెంటు ఎంత లాగుతోందో చూపించే మీటరులో ముల్లు మాత్రం ఉండాల్సిన చోటు దాటి నిలబడింది. కొత్త తీగ కదా, సర్దుకుంటుందిలే అంది మల్లీశ్వరి, తనకు తానే చెప్పుకున్నట్టు. మస్తాన్‌బీ ముల్లు వంక చూసి, మేడం వంక చూసి, తల దించుకుంది. సాయంత్రం మల్లీశ్వరి జాబితా రాసింది. పది పేర్లు. 'ధైర్యం చాలని పిల్ల, ఇంకో ఏడాది ఆగితే మంచిది' అనుకుని పదకొండో పేరు వదిలేసింది. ఆ మాట తనకే చేదుగా ఉంది.

శుక్రవారం పదింటికల్లా కంపెనీ అధికారులిద్దరూ వచ్చారు. హెడ్‌మాస్టరుగారు శాలువాలు కప్పారు. మేష్టారు ఎప్పటిలాగే మూల స్టూలు మీద కూర్చున్నారు. మోటారు తిప్పి చూపించారు, అధికారులు భేష్ అన్నారు, జాబితా చేతులు మారింది, సంతకాలు మేం వెళ్ళేముందు పెడితే చాలన్నారు. ఇంకేముంది, గండం గడిచిందని మల్లీశ్వరి ఊపిరి పీల్చుకోబోతుండగా సామ్రాజ్యమ్మ ఆటో వచ్చింది.

ఆవిడ మోటారుని చేత్తో తడిమి కళ్ళకద్దుకుంది. తరవాత తిన్నగా గోడ దగ్గరికి నడిచింది. "నాకు చదువు రాదమ్మా. నాది ఏది ఇందులో? పేరెవరిది? మా మరిది మోటారుకి ఏడుకొండలని ఎవరో పిల్లోడు రాశాడంట, మూడేళ్ళయింది, ఇప్పటికీ ఢోకా లేదు," అంది.

పదిమంది పిల్లలూ నేల చూపులు చూస్తున్నారు.

"పేరుదేముంది పెద్దమ్మా, తిరుగుతోందిగా. కావాలంటే మళ్ళీ ఆన్ చేస్తా, చూడు," అంది మల్లీశ్వరి, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"తిరగటం నేనెరగనా తల్లీ? కాలిపోయిందాకా అదీ తిరిగిందేగా! పేరు చెప్పు, పట్టుకుపోతా."

హెడ్‌మాస్టరుగారు దగ్గారు. అధికారులు మొహమొహాలు చూసుకున్నారు. మల్లీశ్వరి కళ్ళు ఎవరినీ వెతకలేదు గానీ, వెళ్ళి మస్తాన్‌బీ మీదే ఆగాయి. ఆ పిల్ల ఆవిడ వంకే చూస్తోంది. ఆ చూపులో ఎత్తిపొడుపు ఉంటే మల్లీశ్వరి తట్టుకునేదేమో. మేడంకి ఏం మాటొస్తుందోనన్న బెంగ తప్ప అందులో ఇంకేం లేదు. మల్లీశ్వరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"లెక్క పెట్టలేదు పెద్దమ్మా," అంది. "తొందరపడి నేనే తెగ్గొట్టి పారేయించాను. నలభై రెండన్నది నా అంచనా. పిల్లల తప్పేం లేదు. ఇది పట్టుకెళ్ళకు."

తరవాత అధికారుల దగ్గరికి వెళ్ళి, "జాబితా ఒకసారి ఇప్పించండి," అని చెయ్యి చాచింది. మేం మూడింటికి బయల్దేరాలి మేడం అన్నాడు వాళ్ళలో పెద్దాయన, ఇస్తూనే.

గోతాం నేల మీద బోర్లించారు. నాలుగు మోటార్ల చెత్త, మసి పట్టిన తీగ ముద్దలు. మల్లీశ్వరి చీర కుచ్చెళ్ళు దోపుకుని వాటి మధ్య కూర్చుంది. ఎదురుగా మస్తాన్‌బీ కూర్చుంది. ఒకరి తరవాత ఒకరు మిగతా పిల్లలూ వచ్చి చేరారు. గంటన్నర వెతికాక మస్తాన్‌బీ ఒక కట్ట పైకెత్తి, "ఇదే మేడం. ఈ మోటారే నీళ్ళలో నానింది. చూడండి, కొసలకి పచ్చగా చిలుం పట్టింది," అంది. ఆ పిల్లే కొసలు ఒక్కొక్కటే పట్టుకుని పైకి లెక్క పలికింది. అంతసేపూ అధికారులు కూడా మోగుతున్న ఫోన్లు ఎత్తలేదు. నలభై ఎనిమిది. ఇంకో కట్ట తీసి పలికింది. నలభై ఎనిమిదే.

"పట్టుకుపోతే ఏమయ్యేది?" అంది సామ్రాజ్యమ్మ.

"రెండు వారాలు తిరిగేది," అంది మల్లీశ్వరి. దాచడానికి ఇంకేం మిగల్లేదు. "ఆదివారం సెలవైనా కూర్చుని కొత్తగా చుట్టి సోమవారానికిస్తాం."

సామ్రాజ్యమ్మ నిట్టూర్చింది. "పక్క చేనోళ్ళ కాళ్ళో చేతులో పట్టుకుని ఒక తడి అడుక్కుంటా. ఏం చేస్తాం మరి! ఈసారి మాత్రం పేరు రాసి ఉంచండి," అని ఖాళీ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మస్తాన్‌బీ బ్రష్షు ముంచి నలభై ఎనిమిది అని రాసింది, పక్కన తన పేరు రాసింది. మల్లీశ్వరి ఆ బ్రష్షు అందుకుని నలభై రెండుని కొట్టేసి, దాని పక్కన ఖాళీగా ఉన్న జాగాలో తన పేరు రాసింది. పదిహేడేళ్ళప్పుడు అదే గోడ మీద రాసిన పేరే అది. జాబితాలో పదకొండో పేరు చేర్చి, దానికెదురుగా ముందు సంతకం పెట్టింది. రెండో సంతకానికి కలం ఎత్తి ఆగిపోయింది. అధికారి గడియారం చూసుకుంటున్నాడు. ఆవిడ కాగితం పట్టుకుని స్టూలు దగ్గరికి వెళ్ళింది.

"మేష్టారూ, ఈ పిల్ల సంగతి తెలిసింది. మిగతా పదిమంది మాటేమిటి? వీళ్ళూ తయారైనట్టేనా?"

ఇస్సాకు మేష్టారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. చేతులు మసి చేసుకుని ఇంకా ఆ చెత్త మధ్యే కూర్చున్న పిల్లల వంక ఒకసారి చూశారు.

"వాళ్ళు సోమవారం నీ చెయ్యి చూశారమ్మా. ఇవాళా చూశారు. అందులో ఏ చెయ్యి నేర్చుకున్నారో, ఈసారి వచ్చే మోటారు చెబుతుందిలే."