కందిరీగ కట్టిన పదివేల గదులు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, ఒక కొండ ఉండేది. ఆ కొండచరియకు వేలాడుతూ పెద్ద తేనెపట్టు. పట్టులో నిలవ తేనెను కాచే ముసలి తేనెటీగ పేరు పింగళిక. వానాకాలం నాలుగు నెలలూ పసిపురుగులకు ఆ నిలవే ఆధారం.

ఒకనాడు స్వర్ణకటి అనే కందిరీగ ఎదుటి కొమ్మకు గూడు కట్టడం మొదలుపెట్టింది. వచ్చి ఉండేవారికి అద్దె లేదు, పైగా త్వరలోనే పూటకో తేనెబొట్టు ఉచితమని చాటించింది. ఇంకేం, చీమలు, సీతాకోకచిలుకలు, చివరికి పేడపురుగులు కూడా వచ్చిపడ్డాయి. వారం తిరక్కుండా నూరు గదులు నిండాయి.

అప్పుడు కందిరీగ తేనెపట్టుకు వచ్చింది. ఇవాళ పది అరల తేనె పెడితే, గూడు పెరిగాక నూరు అరలు తిరిగి ఇస్తానంది. నీ గూటిలో తేనె ఎక్కణ్ణుంచి పుడుతుందని పింగళిక అడిగింది. ముందు గదులు, తేనె సంగతి తర్వాత అంది కందిరీగ. ఈగలు మురిసిపోయి పది అరలూ ఇచ్చేశాయి.

నెల తిరిగేసరికి గదులు వేయి అయ్యాయి. కందిరీగ మళ్ళీ వచ్చింది. పింగళిక మళ్ళీ అదే అడిగింది. ఈసారి సొంత పట్టు ఈగలే ముసలిదానిమీద విరుచుకుపడ్డాయి. కళ్ళు కుట్టి మాట్లాడుతోందన్నాయి, కాలం మారిందని తెలీదన్నాయి. ముసలిదానికి ఒళ్ళు మండదూ మరి! పువ్వు పువ్వునా తిరిగి, రెక్కలు అరగదీసుకుని తెచ్చిన తేనె ఏమవుతోందని అడగడం కూడా తప్పేనా? సగం నిలవ ఆ గూటికి తరలిపోయింది.

మూడోసారి వచ్చేసరికి గదులు పదివేలు. ఆకాశాన మబ్బులు కమ్ముతున్నాయి. మిగిలిన నిలవంతా కావాలంది కందిరీగ.

"నీ గూటిలో పుట్టిన తేనె ఒక్క బొట్టు తెచ్చి చూపించు, ఇస్తాం," అంది పింగళిక.

కందిరీగ దర్జాగా ఆకుదొప్పలో పట్టుకొచ్చింది. ఈగలన్నీ ఆహా అన్నాయి. పింగళిక నాలుక కొసతో రుచి చూసింది. వగరు తగిలింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది కానుగపూల తేనె. ఈ ఏడు కానుగ పూసింది మన కొండమీదే. ఈ తేనెను నేనే అరలో పోసి మైనంతో మూత వేశాను. మన తేనెనే మనకు రుచి చూపిస్తోంది, దీనికి సిగ్గుందా? రాణీ, నువ్వే చూడు."

రాణి ఈగ నాకి చూసి తల వంచుకుంది.

కందిరీగ తడబడింది. ఇవాళ ఇవ్వకపోతే గూడు నిలవదని, ఇంతవరకూ ఇచ్చిందీ దక్కదని బెదిరించింది.

"పోయింది ఎటూ పోయింది. పసివాళ్ళ నోటి దగ్గరి తేనె మాత్రం ఇవ్వను," అంటూ పింగళిక అరలకు అడ్డంగా కూర్చుంది. ఈసారి రాణి కూడా వచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు గూటిలో ఉచిత బొట్టు ఆగిపోయింది. సాయంత్రానికి పదివేల గదుల్లో ఒక్క పురుగు లేదు. అనుమానించినవాళ్ళే తన గూటిని కూల్చారని తిట్టుకుంటూ కందిరీగ మరో కొండకు ఎగిరిపోయింది. దాని పొగరు చూడండి! ఆ వానాకాలం పెద్ద ఈగలు అరకడుపుతో గడిపాయి. పసిపురుగులు బతికాయి.

కాబట్టి పిల్లలూ, ఎన్ని గదులు నిండాయని కాదు, తేనె ఎక్కడ పుడుతోందని అడగండి. అలా అడిగితే మాట దాటేసేవారికి ఒక్క బొట్టు కూడా ఇవ్వకండి.