అలుగు కట్టుకున్న కోట

ఒకప్పుడు అలుగు ఒంటిమీద పెంకులు ఉండేవి కావు. పందికొక్కులా మెత్తటి ఒళ్లు. ముట్టుకుంటే ముడుచుకోవడం కూడా దానికి తెలీదు. చీమల్నీ చెదల్నీ నాక్కుంటూ బతికే జీవం, ఎవరి జోలికీ పోదు. అలాంటిదాన్ని లోకం ఊరికే వదిలిపెడుతుందా? వదల్లేదు.

నల్లగుట్ట వాలులో ఒక తల్లి అలుగు ఉండేది. అలుగుకు కాన్పుకు ఒక్కటే బిడ్డ. అందుకే దాని ప్రాణమంతా ఆ బిడ్డమీదే. గుట్టపైన దొర కోట కట్టిస్తున్నాడు. కట్టే మేస్త్రీ బొల్లయ్య.

బొల్లయ్య మొదట కర్రదుంగలు పాతి, చుట్టూ ముళ్లకంప వేయించాడు. అది చూసి అలుగు కూడా తన బొరియ చుట్టూ కంప పేర్చుకుంది. చిరుత వచ్చి, మూతి గీరుకుని, తిట్టుకుంటూ పోయింది. తల్లి సంబరం అంతా ఇంతా కాదు.

ఎండాకాలంలో శత్రువులొచ్చారు. కోట ఎక్కాలని కూడా చూడలేదు, నిప్పు పెట్టారు. గాలి ఆ మంటను వాలులోకి దించింది. చీమల కోసం పోయిన తల్లి తిరిగొచ్చేసరికి బొరియ ముందు బూడిద మిగిలింది. బిడ్డ లోపలే ఉండిపోయింది.

తల్లి గుట్టపైకి వెళ్లేసరికి బొల్లయ్య కూడా బూడిదలోనే కూర్చుని ఉన్నాడు. అతని తమ్ముడు కోటలో కాలిపోయాడు.

“కాలేదానితోని కట్టుడే తప్పయింది అలుగమ్మా,” అన్నాడు. “ఈసారి రాయితోనే కడ్త.”

“నాకూ ఇన్ని రాతిపెచ్చులియ్యి బొల్లయ్యా. ఒంటికే కట్టుకుంట.”

అతను రాళ్లు చెక్కుతుంటే రాలిన పెచ్చుల్ని అలుగు తుమ్మబంకతో వీపుమీదా తోకమీదా అంటించుకుంది. అవే పెంకులు. ఆ గుట్టమీది అలుగులన్నీ దాన్ని చూసి అంటించుకున్నాయి.

రాతికోట నాలుగు మూలలతో లేచింది. కొన్నేళ్లకు శత్రువులు మళ్లీ వచ్చారు. మూల కింద నక్కినవాళ్లు పైనున్న కావలివాళ్లకు కనబడలేదు. వాళ్లు అక్కడే కూర్చుని పునాది తవ్వారు. మూల కూలింది, దానితోపాటు గోడ కూలింది.

చిరుత కూడా ఊరుకోలేదు. పెంకులు లేని చోటు వెతికింది. తల్లి పొట్ట కింద పంజా పెట్టి వెల్లకిలా పడేసి, రెండో బిడ్డను నోట కరుచుకుపోయింది. తల్లి కాళ్లు గాల్లో కొట్టుకుంటూనే ఉన్నాయి.

అలుగు ఏడుస్తూ గుట్ట ఎక్కింది. బొల్లయ్య తల నెరిసిపోయింది.

“మూలుంటే దాని చాటుకు ఎవడో ఒకడు దాక్కుంటడు,” అన్నాడతను. “ఈసారి బురుజులు గుండ్రంగ కడ్త. గుండ్రని దానికి చాటు ఉండదు.”

అన్నట్టే కట్టాడు. చుట్టూ అగడ్త తవ్వించాడు. ఏనుగులు పరుగెత్తుకొచ్చి గుద్దకుండా దారిని వంకర తిప్పి తలుపు పెట్టాడు. అలుగు అదంతా చూస్తూ చాలా రోజులు ఆలోచించింది.

మూడో బిడ్డ పుట్టింది. చిరుత రాగానే తల్లి బిడ్డను పొట్టకు హత్తుకుని, ముక్కు లోపలికి దోపి, తోక చుట్టేసింది. మూల లేదు, పొట్ట లేదు. చిరుత కొరికింది, దొర్లించింది, ఒక పన్ను విరగ్గొట్టుకుని పోయింది. తల్లి ఆ రోజు సంతోషంతో ఏడ్చింది. గుట్టమీది అలుగులన్నీ వచ్చి ఆ విద్య నేర్చుకుని పోయాయి.

శత్రువులు మూడోసారి వచ్చారు. బురుజుల్ని చూశారు, అగడ్తను చూశారు. తగలబెట్టలేదు, తవ్వలేదు. అగడ్త అవతల డేరాలు వేసుకుని వంటలు మొదలుపెట్టారు.

నెల గడిచింది. మూడు నెలలు గడిచాయి. కోటలో ధాన్యం అయిపోయింది. గొడ్లను తిన్నారు, తర్వాత తోలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఒక్క రాయీ రాలలేదు. నాలుగో నెలలో లోపలివాళ్లే తలుపు తీశారు.

శత్రువులు ప్రాణాలతో వదిలేసినవాళ్లు గుట్ట దిగారు. వాళ్లలో బొల్లయ్య ఒకడు. ఒట్టి ఎముకల గూడు, చేతిలో ఖాళీ గంప. అడుగుల చప్పుడు విని అలుగు బిడ్డను పొట్టలో పెట్టుకుని చుట్టుకుపోయింది.

“నేనే అలుగమ్మా, బొల్లయ్యను.”

గొంతు గుర్తుపట్టింది. అయినా విప్పుకోలేదు. పొట్ట దొరికిన రోజున ఏమైందో దానికి తెలుసు.

బొల్లయ్య పక్కనే చతికిలబడ్డాడు. “నా మనుమరాలు నాలుగు దినాల సంది ఏం తినలే,” అన్నాడు. “నువ్వు నాకన్నా మంచిగ కట్టుకున్నవ్. యాడా సందు లేదు.”

తర్వాత రెండు చేతులతో ఆ ఉండను ఎత్తి గంపలో పెట్టుకుని నడిచాడు. నడుస్తూ ఏడ్చాడు, కానీ దించలేదు. లోపల తల్లికి ఏమీ కనబడలేదు. గంప కదిలినప్పుడల్లా బిడ్డను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

అప్పటినుంచే అలుగు చిన్న అలికిడైనా బిడ్డను పొట్టలో దాచుకుని గుండ్రంగా చుట్టుకుంటుంది. చిరుత పళ్లు దానిమీద ఆనవు. మనిషికి పళ్లతో పని లేదు. వంగి ఎత్తుకుంటే చాలు, అది పారిపోదు, అరవదు.