అత్తరు అంగడి కౌంటరు

అత్తరు అంగడి మదార్ సాయిబు తెర మీది కౌంటరు బొమ్మ చూసి రెండోసారి కూడా తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయినాడు. హిమజ కంప్యూటరు ముందు అట్లే కూర్చుండిపోయింది.

"బాగుంది గానీ మా అంగడిది కాదమ్మా" అన్నాడంతే. ఏం తక్కువైందో ఆయనకే తెలీదు. సాయంత్రం ఇంకోసారి వస్తానన్నాడు. అప్పుడూ నచ్చకపోతే పట్నం నుంచి రెడీమేడ్ స్టీలు కౌంటరు తెప్పించుకుంటాడంట. హిమజ సొంతంగా గీసిన మొదటి పని అది.

అప్పట్లో నేను కర్నూలు పాతబస్తీలో దస్తగిరి ఉస్తాద్ గారి కార్ఖానాలో చెక్కలకు గరుకు కాగితం రుద్దేదాన్ని. అంగళ్ళ కౌంటర్లు చేయడంలో ఆయనకు పేరు. నలభై ఏండ్లు సుద్దముక్కతో నేల మీదే గీసినాడు. హిమజ వచ్చినాక ఆ గీతలన్నీ కంప్యూటర్లోకి పోయినాయి.

ఆ పిల్ల చేసిన బొమ్మ చూస్తే నాకే ముచ్చటేసింది. రొమ్ము ఎత్తు నిలువు అద్దం. వెనక మెట్లు మెట్లుగా సీసాలు, ప్రతి మెట్టు కిందా దీపం. మౌసు కదిలిస్తే గిర్రున తిరిగేది.

"ఇంతకంటే ఏం చేసేది ఉస్తాద్ గారూ? ఆ సాయిబుకు కండ్లు లేవు."

"ఉన్నాయి బేటీ. ముక్కు కూడా ఉంది."

ఆ పిల్ల నవ్వలేదు.

ఉస్తాద్ చేతులకంటిన పొట్టు దులుపుకొని వచ్చి, తెర ముందర నిలబడి కుడిచెయ్యి చాపినాడు.

హిమజ మౌసు అందించింది. ఆయన తీసుకోలేదు. కుర్చీ జరిపింది. కూర్చోలేదు. చెయ్యి గాల్లో అట్లే ఉంది.

నాకు మా నాయన గుర్తుకొచ్చినాడు. ఏటా ఉరుసు రోజు నన్ను ఆ అంగడికే తీసుకుపోయేవాడు. కొనకపోయినా సరే, మదార్ సాయిబు వాళ్ళ నాయన "రా తల్లీ, మల్లె రాయాల్నా, మొగలి రాయాల్నా" అని అడిగేవాడు. నేను మునివేళ్ళ మీద లేచి, ఆ పాత చెక్క అంచున మోచెయ్యి ఆనించి చెయ్యి చాపేదాన్ని. గాజుపుల్లతో ఒక చుక్క. ఆ రోజు చెయ్యి కడుక్కోమంటే ఏడుపొచ్చేది.

హిమజకు చెప్దామని నోటిదాకా వచ్చింది. నలుగురిలో మాట్లాడటం నాకు చాతకాదు. రుద్దుకుంటా కూర్చున్నా.

ఉస్తాద్ చెయ్యి బరువెక్కి వాలబట్టింది, మళ్ళీ పైకెత్తినాడు. డెబ్బై ఏండ్ల చెయ్యి.

"నొప్పెడుతుంది ఉస్తాద్ గారూ, దించండి."

"యాడ దించాల?"

హిమజ ఆ చేతి వైపు చూసింది. తెర మీది అద్దం వైపు చూసింది. పోయి టేపు తెచ్చి, ఆయన కాళ్ళ దగ్గర మోకాళ్ళూని, నేల నుంచి మోచేతి దాకా కొలిచింది.

కొలత అయ్యేదాకా ఆయన చెయ్యి దించలేదు.