మేష్టారు ముట్టుకోని నాబు

రేడియో గవర్రాజు మేష్టారికి ఒక అలవాటు ఉండేది. మెటల్ డిటెక్టరు పట్టుకుని ఇసుకలో దిగితే, అది కూసిన ప్రతి చోటా వంగి తవ్వేవారు. తుప్పుమేకు వచ్చినా, సోడామూత వచ్చినా, గుట్కా రేకు వచ్చినా విసుక్కోకుండా తీసి భుజానికి వేలాడే ఎరువుల సంచిలో వేసుకునేవారు. నెలకో రెణ్ణెల్లకో ఒక చెవిదిద్దో ఉంగరమో దొరికేది. రేవుపాలెంలో సముద్రం ఏటా కొన్ని ఇళ్లను మింగుతుంది. ఇళ్లయితే మింగుతుంది గాని, వాటిలోని బంగారం దానికి అరగదేమో, ప్రతి తుఫాను తరవాతా కాస్త కాస్త ఒడ్డున కక్కి పోతుంది. ఆడవాళ్లు జల్లెళ్లతో, దువ్వెనలతో వెతుక్కునే ఆ ఒడ్డు మీదికి మొదట మిషను తెచ్చింది మేష్టారే. ఒకప్పుడు ఊరందరి రేడియోలూ బాగుచేసిన చెయ్యి కనుక, దాని కూతల మర్మం కూడా ఆయనే కనిపెట్టారు.

శిష్యుడు వీరబాబుకి ఆ ఎరువుల సంచి అంటే ఒళ్లుమంట. ఇరవయ్యెనిమిదేళ్లవాడు, సెల్‌ఫోన్లు రిపేరు చేసుకునేవాడు, ఏడాదిగా మేష్టారి వెంట తిరుగుతున్నాడు. దొంగ కూతల్ని పట్టడం బాగానే ఒంటబట్టింది. పళ్లెం లాంటి కాయిల్‌కి తీగ వదులైతే ఊపిన ప్రతిసారీ కూస్తుంది. కరెంటు తీగల కింద ఊరికే వణుకుతుంది. తడిసిన ఉప్పు ఇసుక మీద, నల్ల ఇసుక చారల మీద అడుగున ఏమీ లేకపోయినా గొణుగుతూనే ఉంటుంది, అప్పుడు దాని చెవి పదును మార్చే 'చురుకు' నాబు కాస్త తగ్గించాలి. నిజంగా వస్తువు ఉంటే అటునుంచి ఊపినా ఇటునుంచి ఊపినా ఒక్కచోటే కూస్తుంది, దొంగ కూత చోటు మారుస్తుంది. ఇంతవరకూ పేచీ లేదు. చురుకు పక్కన ఇంకో నాబు ఉంది. దాని కింద ఇంగ్లీషులో డిస్క్రిమినేషన్ అని రాసి ఉంటుంది, మేష్టారు దాన్ని 'వడపోత' అనేవారు. అది కొంచెం తిప్పితే మిషను మేకులకు కూయడం మానేస్తుంది, ఇంకా తిప్పితే రేకులకు, ఇంకా తిప్పితే సోడామూతలకు. మేష్టారి మిషను మీద ఆ నాబు సున్నా దగ్గరే దుమ్ముకొట్టుకుని ఉండేది.

"తయారుచేసినోడు ఊరికే పెట్టాడంటారా మేష్టారూ?" అని ఒకనాడు వీరబాబు అడిగేశాడు. "చెత్తకి కూయొద్దని దానికో మాట చెప్పేస్తే పోయేదానికి, ఈ నడుములిరిగే తవ్వుడు ఎందుకండి?"

"చెప్తాలే," అన్నారు మేష్టారు. చెప్పలేదు. మర్నాడే కంట్లో పొర తీయించుకోడానికి కాకినాడ వెళ్లిపోయారు, మిషను శిష్యుడి చేతికిచ్చి.

సరిగ్గా ఆ రోజుల్లోనే దానమ్మ పుస్తెల గొడవ లేచింది. దానమ్మ మొగుడు పోయి ఆరేళ్లు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన్ని ఒక్క మంచిమాట అనని మనిషి, పోయాక మాత్రం ఆయన కట్టిన రెండు పుస్తెల్నీ గుడ్డలో ముడేసి ప్రాణంలా దాచుకుంది. రోజుకో చోట దాచేది, ఎక్కడ దాచిందీ తనే మరిచిపోయేది. తుఫానుకి సముద్రం గుమ్మంలోకి వచ్చిన పొద్దున ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుని బయటికి తెచ్చింది కోడలు లోవకుమారి. ఇల్లు పోయింది, పెట్టె మిగిలింది. పెట్టె తెరిస్తే పుస్తెలు లేవు. పెట్టె మోసింది కోడలు కాబట్టి పుస్తెలు తీసింది కోడలే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా.

ఆ పాలెంలో తాతలనాటి నుంచి ఒక పద్ధతి ఉంది. నింద పడ్డవాళ్లు సముద్రంలో మునిగి, తడిబట్టలతో గంగమ్మ ముందు దీపం ఆర్పి ప్రమాణం చేస్తే, ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. లోవకుమారి ఎవరూ అడగకముందే మునిగి వచ్చి, కులపెద్దలు కూర్చున్న వలల షెడ్డు ముందు నీళ్లోడుతూ నిలబడింది. కులపెద్ద సింహాద్రి ఆమె వంక చూడనైనా చూడలేదు.

"ఒట్టు మడిసి ఏసేది, అబద్దం కూడా మడిసే ఆడేది. మిషను ఆడదు," అన్నాడు. "ఇల్లున్న చోట మిషను ఎట్టిద్దాం. ఉంటే కూత్తాది. లేపోతే అప్పుడు సూద్దాం."

అలా గంగమ్మ చేసే పని వీరబాబు నెత్తిన పడింది. వాడు దానికి బెదరలేదు సరిగదా, లోలోపల పొంగిపోయాడు. ఆటుకి నీళ్లు వెనక్కి తగ్గిన వేళ పాలెం పాలెమంతా ఒడ్డున చేరింది. ఇల్లుండే చోట తడి ఇసుక, విరిగిన గోడముక్కలు తప్ప ఏమీ లేవు. లోవకుమారి ముందుకొచ్చి వేలు పెట్టి చూపించింది.

"తమ్ముడూ, వంటింటి ఎనకగోడ గూట్లో ముందురోజే అత్త పుస్తెల ముడి ఎడతంటే నా కళ్లారా సూశాను. ఆ గోడ ఇటే పడింది. ఇక్కడ బాగా సూడు."

"నా పుస్తెలు నేనెక్కడెట్టానో నాకు తెలవదంట, దీనికి తెలుసంట," అంది దానమ్మ. అందరూ నవ్వారు.

వీరబాబు గురువు నేర్పినట్టే మొదలుపెట్టాడు. వడపోత సున్నా దగ్గర ఉంచి ఆమె చూపించిన చోటే ఊపాడు. కూసింది. తవ్వాడు. మాత్రల రేకు. రెండడుగులు పక్కన కూసింది. గుట్కా రేకు. మళ్లీ కూసింది, మళ్లీ మాత్రల రేకు. దానమ్మ పాతికేళ్లుగా మింగిన నడుంనొప్పి మాత్రలన్నీ ఆ వంటింట్లోనే పాతరేసి ఉన్నాయి మరి. "పంచాయితీ చెత్తబండి పాలెంలోకి కూడా వచ్చిందేటి," అన్నాడొకడు. ఒడ్డంతా ఘొల్లుమంది. సింహాద్రి, "పోటు వచ్చేత్తాది, తొందరగా కానీ," అన్నాడు. వీరబాబు మొహం ఎర్రబడింది. తను రేకులేరుకోడానికి వచ్చినవాడు కాదు, పదిమందిలో న్యాయం తేల్చడానికి వచ్చినవాడు. బొటనవేలితో వడపోత నాబుని సగం దాటేదాకా తిప్పేశాడు.

మిషను ఒక్కసారిగా బుద్ధిమంతురాలైపోయింది. నవ్వులు ఆగిపోయాయి. ఆ చోటంతా నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి జానెడు వదలకుండా ఊపాడు. నాలుగుచోట్ల కూసింది, నాలుగూ తవ్వాడు. ఇత్తడి గంట ఒకటి, కుళాయి తల ఒకటి, తలో చోట రెండు పాత నాణేలు. ఇక కూత లేదు. చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి మెళ్లో వేసుకుని, "ఏమీ లేదండి," అన్నాడు.

లోవకుమారి ఏడవలేదు. దగ్గరికొచ్చి, "బాగా సూశావు కదా తమ్ముడూ?" అని మాత్రం అడిగింది.

"రెండుసార్లు చూశానక్కా," అన్నాడు. అది నిజమే.

ఆ సాయంత్రమే ఆమె అన్న వచ్చి తీసుకుపోయాడు. మొగుడు తాతారావు వల అల్లుకుంటూ తల ఎత్తలేదు. దొంగ చేతిలో పిల్ల పెరగకూడదని నాలుగేళ్ల కూతుర్ని దానమ్మ పంపలేదు. కాలవ గట్టు దాకా ఆ పిల్ల ఏడుపు వినబడుతూనే ఉంది. దాన్ని మాత్రం పాలెంలో విననివాడు లేడు, విన్నట్టు ఒప్పుకున్నవాడూ లేడు.

పదోరోజున మేష్టారు నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చారు. సంగతంతా విని ఒక్కటే అడిగారు.

"ఎన్ని గుంటలు తవ్వావు?"

"ఏడండి."

"వంటిల్లు కూలిన చోట ఏడే?" అని, గోడకి ఆనించిన మిషను దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు కాస్త పైకెత్తి నాబు వంక చూశారు. అది తిప్పిన చోటే ఉంది. తిడితే బాగుండుననుకున్నాడు వీరబాబు. మేష్టారు తిట్టలేదు.

వంగొద్దని, కంట్లో ఇసుక పడనివ్వొద్దని డాక్టరు చెప్పి పంపాడు. అయినా మర్నాడు ఆటువేళకి మేష్టారు ఒడ్డున ఉన్నారు. వడపోత సున్నాకి తెచ్చారు, తడి ఇసుక గొణగకుండా చురుకు తగ్గించారు. ఆయన ఊపడం, శిష్యుడు తవ్వడం. మూడు రోజులు, ఆటు ఉన్నంతసేపూ అదే పని. రేకు, మేకు, రేకు, మూత, రేకు. నూటనలభై గుంటల దాకా లెక్కపెట్టి వీరబాబు లెక్క మానేశాడు. చూడ్డానికి ఎవరూ రాలేదు. తీర్పు అయిపోయాక ఇక చూసేదేముంది.

మూడోనాడు పోటు మొదలయ్యే వేళకి ఒక బొంగురు కూత వచ్చింది. వందసార్లు విన్న కూతే, అచ్చం మాత్రల రేకు కూత. మేష్టారు అటునుంచి ఊపారు, ఇటునుంచి ఊపారు. "తవ్వు," అన్నారు. మోచేతి లోతున చివికిన గుడ్డముక్క, అందులో రెండు పుస్తెలు వచ్చాయి. వాడి వాడి రేకులా పలచబడ్డ పుస్తెలు. లోవకుమారి వేలు పెట్టి చూపిన చోటికి అవి రెండు బారల లోపే ఉన్నాయి.

మేష్టారు ఒక పుస్తెని, ఒక మాత్రల రేకుని విరిగిన చెక్క మీద పక్కపక్కన పెట్టించి, వాటి మీద కాయిల్ ఊపుతూ వడపోత నాబుని మెల్లిగా తిప్పారు. సగం దాకా వెళ్లనైనా లేదు. రేకు మూగబోయిన గీత దగ్గరే బంగారమూ మూగబోయింది. వీరబాబు ఇసుకలో చతికిలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

పుస్తెలు చూడగానే దానమ్మ కళ్లకద్దుకుని మొగుణ్ణి తలుచుకుని ఏడ్చింది. కోడల్ని తలుచుకోలేదు. వీరబాబు అందరి ముందూ తప్పు తనదేనన్నాడు. సింహాద్రి కొట్టిపారేశాడు. "దొరికాయి కదా, ఇంకేటి. ఒరే తాతారావూ, ఎళ్లి నీ పెళ్లాన్ని తెచ్చుకో," అన్నాడు, తాకట్టు విడిపించిన బిందెని తెచ్చుకోమన్నట్టు. పొద్దుగూకేలోగా పాలెంలో ఇంకో మాట పుట్టింది. భయపడి కోడలే ఎవరిచేతో పంపించి అక్కడ పూడ్పించి ఉంటుందట.

తాతారావు వెళ్లలేదు. వీరబాబే వెళ్లాడు. కాలవ అవతల రొయ్యల షెడ్డులో, ఐసునీళ్లలో నానిన చేతులతో లోవకుమారి రొయ్యలు ఒలుస్తోంది.

"దొరికాయక్కా. నువ్వు చూపించిన చోటే. తప్పు నాది. నాబు తిప్పేశాను," అన్నాడు.

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో రొయ్య ఒలిచి అంది: "దొరికాయి కాబట్టి నేను దొంగని కాదు. అలలు లాక్కుపోయుంటేనో?"

వీరబాబు కింద జారిపడ్డ రొయ్యని తీసి తట్టలో వేశాడు.

"నా పిల్లని పంపమను. నేను మాత్రం ఆ గుమ్మం ఎక్కను," అని తట్ట ఇంకో పక్కకి జరుపుకుంది.

పిల్లని పంపడం గురించి వచ్చే అమావాస్యకి కూర్చుని ఆలోచిద్దామన్నారు పెద్దలు.

వీరబాబు తిరిగొచ్చేసరికి మేష్టారు అరుగు మీద సంచి బోర్లించి, రేకులొకవైపూ మేకులొకవైపూ వేరుచేస్తున్నారు. ఒక్కొక్కదాన్నీ మంచి కంటి దగ్గర పెట్టుకుని చూసి మరీ పక్కన పెడుతున్నారు. వీరబాబు పక్కన కూర్చుని, మిషను ఒళ్లో పెట్టుకుని స్క్రూడ్రైవరు తీశాడు.

"ఈ నాబు పీకి పారేస్తాను మేష్టారూ. ఇది లేకపోతే ఆ అక్కకి ఈ గతి పట్టేది కాదు."

"పీకెయ్," అన్నారు మేష్టారు తల ఎత్తకుండా. ఇంకో రేకు కంటి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "అయితే ఆ రోజు ఒడ్డున అంతమంది ఉంటే, ఆ వడపోత నాబు ఒక్క నీ మిషనుకే ఉందనుకున్నావురా?"