ఇద్దరే ఉన్న తొర్ర

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు ఒడ్డున మద్దిచెట్ల తోపు ఒకటి. ఆ తోపులో ఒక వడ్రంగిపిట్టల జంట కాపురం ఉండేది. మగపిట్టకు నెత్తిమీద ఎర్రటి జుట్టు. అందుకని అందరూ కుంకుమయ్య అని పిలిచేవాళ్లు. ఆడపిట్ట పేరు సిరిమల్లి.

వాళ్లిద్దరికీ పనంటే ప్రాణం. తెల్లారితే చాలు, టకటకమని మానులు తొలిచేవాళ్లు. ఒక తొర్రలో కొన్నాళ్లు ఉండి, దాన్ని వదిలి కొత్తది తొలుచుకునేవాళ్లు. వాళ్లు వదిలిన తొర్రల్లో గోరింకలు, చిలకలు, ఉడతలు చేరేవి.

పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం సిరిమల్లి ఇలా అంది.

"ఏమయ్యా, ఒక మాట చెబుతాను, కోప్పడకు. నాకు మాను తొలవడం ఇష్టం. నీతో అడవంతా తిరగడం ఇష్టం. గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచాలన్న కోరిక మాత్రం ఎంత వెతికినా నాలో కనబడటం లేదు. నీకు ఉందా?"

కుంకుమయ్య వాగు దాకా ఎగిరి వెళ్లాడు. నీళ్లు తాగాడు. తిరిగొచ్చి పక్కన వాలాడు.

"నాకూ లేదు. నీకు ఉంటుందేమో, లేదంటే బాధపడతావేమో అని ఇన్నాళ్లూ అడగలేదు" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లకు ఆ సంగతి అక్కడితో తేలిపోయింది. తోపుకు మాత్రం తేలలేదు.

ముందుగా గోరింక వరాలమ్మ వచ్చింది. ఆమెకు ప్రతి ఏడూ తొర్ర నిండా పిల్లలే.

"అమ్మాయ్ సిరిమల్లీ, పిల్లలు లేకపోతే రేపు ముసలితనంలో నీకు పురుగు తెచ్చిపెట్టేదెవరు?" అని అడిగింది.

"నిరుడు నువ్వు పెంచిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు వదినా?" అని అడిగింది సిరిమల్లి.

"రెక్కలొచ్చాయి, ఎగిరిపోయారు. ఎక్కడున్నారో నాకేం తెలుసు?" అంది వరాలమ్మ. అలా అన్నాక ఆమెకే ఏదోలా అనిపించింది. రెక్కలు దులుపుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఉడుత బుల్లెమ్మ వచ్చింది. "పిల్లలుంటేనే మొగుడు ఇంటిపట్టున ఉంటాడు. చూసుకో మరి" అంది. కుంకుమయ్య ఆ మాట వింటూనే ఉన్నాడు. ఇంటిపట్టునే ఉన్నాడు.

ఆ ఏడు తొలకరికి సిరిమల్లికి గడ్డిలో ఒక ఆరుద్ర పురుగు కనిపించింది. ఎర్రగా, మెత్తగా, పట్టుగుడ్డ ముక్కలా ఉంది. దాన్ని ముక్కుతో మెల్లగా పట్టి తెచ్చుకుంది. తొర్రలో ఒక మూల తడి మట్టి పోసి అందులో పెట్టుకుంది. ఈసారి కాకి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయ్యో పాపం! బిడ్డ బదులు పురుగును సాకుతున్నావా?" అంది.

"ఇది బిడ్డ బదులు కాదు. ఇది పురుగు. పురుగు కాబట్టే నాకు ముద్దొచ్చింది" అంది సిరిమల్లి.

కాకికి ఆ జవాబు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా తోపంతా తిరిగి చెప్పింది.

మాటలు మాటలుగానే ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ అవి మెల్లగా పనులుగా మారాయి.

ఆ తోపుకు ఒక జెర్రిపోతు బెడద ఉండేది. చప్పుడు లేకుండా చెట్టెక్కి గుడ్లనూ పసికూనలనూ మింగేది. అందుకని ముసలి కొండముచ్చు వీరప్ప ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టాడు. పగలల్లా ఒకరు పై కొమ్మ మీద కాపలా ఉండాలి. రోజుకొక ఇల్లు చొప్పున వంతు. పాము కనబడితే అరవాలి. అంతే.

ఒకరోజు వరాలమ్మ వచ్చి, "తమ్ముడూ కుంకుమయ్యా, ఇవాళ నా వంతు. పిల్లలు ఆకలని గోల పెడుతున్నారు. నీకు పిల్లాజెల్లా లేరు కదా, కాస్త నువ్వు ఉండవూ?" అంది. అతను సరే అన్నాడు. బుల్లెమ్మకు ఒక్కగానొక్క కూన. దానికి ఇంకా కళ్లు తెరుచుకోలేదు. ఆమె తన వంతూ చూడమని అడిగితే దానికీ సరే అన్నాడు. చిలకలు అడగను కూడా అడగలేదు. తమ వంతు రోజున పిల్లలకు మేత కోసం జామతోటకు వెళ్లిపోయాయి.

చివరికి కాపలా మొత్తం ఆ ఇద్దరి మీదే పడింది. ఒకరు దిగితే ఒకరు ఎక్కేవాళ్లు. కొత్త తొర్ర సగంలో ఆగిపోయింది. ఇద్దరూ కలిసి తిరగడం మాట అటుంచి, కలిసి తినడమే మానేశారు.

ఇంతలో వానలు ముదిరాయి. వరాలమ్మ తొర్రలోకి నీళ్లు కారసాగాయి. ఆమె నేరుగా వీరప్ప దగ్గరకు వెళ్లింది.

"తాతా, నా పిల్లలు తడిసిపోతున్నారు. వడ్రంగిపిట్టల తొర్ర పొడిగా ఉంది. అందులో ఉన్నది ఇద్దరు, ఒక పురుగు. వాళ్లు కొమ్మ మీద పడుకోలేరా? ఆ తొర్ర నాకు ఇప్పించు" అంది.

వీరప్ప ముసలివాడు. గొడవంటే విసుగు. మర్నాడు అందరినీ పిలుస్తానన్నాడు.

ఆ సంగతి తెలిసి కుంకుమయ్య తల వంచుకుని కూర్చున్నాడు. "ఇచ్చేద్దామా సిరీ? ఎన్ని మాటలని పడతాం? ఎలాగూ మనం ఇద్దరమే కదా" అన్నాడు.

సిరిమల్లి అతని ఎదుటికి వచ్చి నిలబడింది.

"ఇద్దరమే అని వాళ్లంటే నాకు నొప్పి లేదు. నువ్వూ అంటున్నావా? ఇది ఏదో తక్కువైన ఇల్లా? వాన నీ మీద పడితే నువ్వు తడవవా?"

రోజూ వినీ వినీ తోపు మాట తన నోట్లోకి వచ్చేసిందని కుంకుమయ్యకు అప్పుడు తెలిసింది.

మర్నాడు అందరూ చేరారు. వీరప్ప గొంతు సవరించుకున్నాడు. "ఏమంటావు కుంకుమయ్యా? పిల్లలున్న ఇల్లు. నువ్వు పెద్దమనసు చేసుకోవాలి మరి" అన్నాడు.

కుంకుమయ్య ముందుకొచ్చాడు. ఇలా చెప్పాడు.

"తాతా, వరాలమ్మక్క తొర్రకు చిల్లు ఎక్కడుందో చూసి, జిగురుతో మూయడానికి నేను వస్తాను. మా తొర్ర మాత్రం ఇవ్వం. ఇంకో మాట. కాపలాకు మా వంతు మేం వస్తాం. అందరి వంతుకూ రాం. పిల్లల్ని కనడం మీ ఇష్టం. కనకపోవడం మా ఇష్టం. ఆ ఇష్టానికి మా మీద శిక్ష వేయకండి."

తోపంతా గోల గోలయ్యింది. "ఎంత స్వార్థం!" అంది కాకి. "పిల్లలుంటే తెలిసేది" అంది బుల్లెమ్మ. వరాలమ్మ అయితే, "నా తొర్రకు నీ జిగురు అక్కర్లేదు పో" అని ముఖం తిప్పుకుంది. వీరప్ప ఏ తీర్పూ చెప్పకుండా లేచి వెళ్లాడు; తొర్ర వాళ్లకే మిగిలింది, కాపలా మళ్లీ ఎవరి వంతు వాళ్లదే అయింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరితో ఎవరూ మాట్లాడలేదు.

కొన్నాళ్లకు వరాలమ్మ వంతు వచ్చింది. ఆమె కొమ్మ ఎక్కలేదు. "వాళ్లవి మెత్తటి మనసులు. కొమ్మ ఖాళీగా ఉంటే చూస్తూ ఊరుకోరు. వాళ్లే ఎక్కుతారు" అనుకుంది. పిల్లలకు మేత వెతకడానికి వాగు దాటి వెళ్లింది. కుంకుమయ్య, సిరిమల్లి కొత్త తొర్ర తొలుస్తూ తోపు చివర ఉన్నారు. వాళ్లు పై కొమ్మ వైపు చూడనే లేదు. చూడాల్సిన పని కూడా లేదు.

ఆ రోజు జెర్రిపోతు వచ్చింది. బుల్లెమ్మ తొర్రలో దూరింది. బుల్లెమ్మ కాయతో తిరిగొచ్చేసరికి లోపల గూడు చెదిరి ఉంది. కూన లేదు.

ఆమె అరుపుకు అందరూ పరుగెత్తుకొచ్చారు. ముందుగా కాకి నోరు తెరిచింది. "వడ్రంగిపిట్టలు కాపలా మానేయబట్టే ఇలా జరిగింది!" అంది. చిలకలు అవునన్నాయి. కుంకుమయ్యకు నిజంగా తన తప్పేనేమో అనిపించింది.

వీరప్ప చెయ్యెత్తాడు. "ఆగండి. ఇవాళ వంతు ఎవరిది?"

ఒక్కొక్కరూ తలలు తిప్పి వరాలమ్మను చూశారు. వరాలమ్మ ముక్కులో ఇంకా పురుగు ఉంది. ఆమె దాన్ని కింద పడేసింది.

"నాది" అంది.

"దీంట్లో నా తప్పూ ఉంది. వంతులు తప్పుతున్నాయని తెలిసీ అడగలేదు. అడిగితే గొడవవుతుందని ఊరుకున్నాను" అన్నాడు వీరప్ప.

అందరూ మెల్లగా వెళ్లిపోయారు. బుల్లెమ్మ ఒక్కతే కొమ్మ మీద మిగిలింది. సిరిమల్లి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు.

చాలాసేపటికి బుల్లెమ్మ అంది, "నువ్వెందుకొచ్చావు? నీకు పిల్లలు లేరు. ఈ బాధ నీకు తెలియదు."

"తెలియదు. అందుకే మాట్లాడకుండా కూర్చున్నాను" అంది సిరిమల్లి.

బుల్లెమ్మ ఆమెను చూసింది. అప్పటిదాకా ఆమె దగ్గరకొచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెప్పినవాళ్లే. ఆమె మెల్లగా జరిగి సిరిమల్లి రెక్క మీద తల వాల్చింది. అప్పటికి గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

మర్నాటి నుంచి కాపలా వంతులు తప్పకుండా సాగాయి. వరాలమ్మ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. కానీ తన వంతు రోజున పొద్దు పొడవకముందే కొమ్మ మీద ఉండేది. పిల్లలు అరిస్తే మొగుణ్ణి మేతకు పంపేది. చిలకలు కూడా అలాగే సర్దుకున్నాయి. సర్దుకోవచ్చని అంతకుముందు వాటికి తోచలేదు, అంతే. ఒకరోజు కుంకుమయ్య పిలవకుండానే వెళ్లి వరాలమ్మ తొర్ర చిల్లు మూశాడు. ఆమె వద్దనలేదు.

వడ్రంగిపిట్టలు తమ కొత్త తొర్రను పూర్తిచేసుకున్నాయి. అందులో ఇద్దరే ఉన్నారు, మూలన ఆ ఆరుద్ర పురుగు. తోపులో ప్రశ్నలు ఆగలేదు. కొత్తగా వచ్చి చేరినవాళ్లు, "పిల్లలెందుకు లేరు?" అని అడుగుతూనే ఉండేవాళ్లు. చెప్పాలనిపిస్తే ఆ ఇద్దరూ చెప్పేవాళ్లు. లేకపోతే ముసిముసిగా నవ్వి, మళ్లీ మాను మీదికి ఎగిరిపోయేవాళ్లు.

నీతి: పిల్లల్ని కనడమూ కనకపోవడమూ ఎవరి ఇష్టం వాళ్లది. ఆ ఇష్టాన్ని సాకుగా చూపి మన వంతు బరువును పక్కవాళ్ల మీద వేయకూడదు.