గొర్రెలు వెళ్ళిన దిక్కు

పిల్లలు తనను ‘మాయెస్త్రో’ అని పిలవడం లేదని లెయాంద్రోకు దిగులు పట్టుకుంది.

స్పెయిన్‌లో కొండల మీది చిన్న ఊరు అది. అక్కడ అక్షరాలు దిద్దించే పంతులుగారిని మాయెస్త్రో అంటారు. చనువూ గౌరవమూ కలిసిన పిలుపు. ముసలి పంతులు ఫెర్మీన్‌ను ఊరంతా అలాగే పిలిచేది. లెయాంద్రో ఒక వేసవంతా ఆయన దగ్గరే ఉండి పని నేర్చుకున్నాడు. మోకాళ్ళు మొరాయించి ఆయన ఇంటిపట్టున కూర్చోవడంతో బడి ఇతని చేతికొచ్చింది.

పిల్లలు ఇతన్ని మాత్రం ‘సెన్యోర్ ప్రొఫెసోర్’ అన్నారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరును పలకరించినట్టుండేది ఆ మర్యాద. పాపం, ఆ ఒక్క పిలుపు కోసం మొహం వాచిపోయి ఉన్నాడు మనవాడు.

రోజూ పొద్దున్నే గొంతు సవరించుకుని, అచ్చం గురువుగారిలాగే “బుయెనోస్ దియాస్ ఆ తోదోస్” అనేవాడు. అందరికీ శుభోదయం అని. పిల్లలు లేచేవారు, తిరిగి ఆ మాటే అప్పజెప్పి కూర్చునేవారు.

చలికాలం వచ్చేసరికి వాళ్ళు మరీ ముభావంగా తయారయ్యారు. లెయాంద్రోకు ఓపిక అయిపోయింది.

“నేను వెళ్ళిపోతాను మాయెస్త్రో. ఈ పిల్లలకు నేను అక్కర్లేదు,” అన్నాడు గురువుతో.

“రేపు నేనొస్తాలే,” అన్నాడు ఫెర్మీన్.

మర్నాడు ముసలాయన కర్ర ఊతంతో వచ్చాడు. పలకరించలేదు, కూర్చోలేదు. తిన్నగా వెళ్ళి దక్షిణం కిటికీ బార్లా తెరిచాడు. మంచుగాలి గదిలోకి దూసుకొచ్చింది.

“అయ్యో, పిల్లలు బిగుసుకుపోతారండీ!” అన్నాడు లెయాంద్రో.

పిల్లల పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా మూయమని ఒక్కరూ అనలేదు. ఏటా చలికాలం అలవాటైన పనే అన్నట్టు అందరూ లేచి కిటికీ వైపు తిరిగారు. చలి మొదలవగానే ఆ ఊరి మగవాళ్ళు గొర్రెల్ని తోలుకుని దక్షిణాన ఉన్న పచ్చిక బయళ్ళకు పోతారు. మంచు కరిగాకే మళ్ళీ ఇల్లు చేరడం. ఆ గదిలో నాన్న ఇంట్లో ఉన్న బిడ్డ ఒక్కరూ లేరు.

“బుయెనోస్ దియాస్ ఆ తోదోస్,” అన్నాడు ఫెర్మీన్, కొండల అవతలికి చూస్తూ.

పిల్లలు గొంతెత్తి ఆ మాటే అరిచారు. ఒకడు చెయ్యి ఊపాడు. నీవెస్ అనే పిల్ల “నాన్నా” అని మెల్లగా అనుకుంది.

ఆయన కిటికీ మూశాడు. “ఇక పాఠం నువ్వు చెప్పుకో,” అని వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు కిటికీ లెయాంద్రో తెరిచాడు. పలకరింపు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎక్కడో ఉత్తరాన, సముద్రం ఒడ్డున, మేనత్త ఇంట్లో అతని చెల్లెలు పెరుగుతోంది. దాన్ని చూసి ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ అణిచిపెట్టుకున్న బెంగంతా ఒక్కసారిగా కళ్ళలోకి వచ్చేసింది.

నీవెస్ అతని మొహంలోకి చూసింది.

“మీవాళ్ళు ఎటువైపున్నారు, మాయెస్త్రో?”

అతను ఉత్తరం వైపు చెయ్యి చూపాడు. ఆ గోడకు కిటికీ లేదు, తలుపొక్కటే. నీవెస్ పరుగున వెళ్ళి దాన్ని తెరిచింది.